ఊరికే కూర్చున్నట్టు కనిపించే పని

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



2020లో కరోనా వచ్చి ఆఫీసులు ఇళ్ళలోకి నడిచొచ్చిన దగ్గర్నుంచీ మన ఇళ్ళలో ఒక కొత్త తగువు మొదలైంది. ఇదివరకు కొడుకో, కూతురో, కోడలో ఆఫీసుకి వెళ్ళి ఏం చేసేవారో మనకి తెలిసేది కాదు. పొద్దున్న వెళ్ళారు, రాత్రికి అలిసిపోయి వచ్చారు, అంతే. ఇప్పుడు చాలామంది వారంలో రెండు మూడు రోజులైనా పక్కగదిలోనే కూర్చుని పని చేస్తున్నారు. మన కళ్ళతో మనం చూస్తున్నాం. టకటకా టైపు కొడుతూ వుంటే "పాపం, పని చేసుకుంటోంది" అనుకుంటాం. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గంటసేపు తెరవైపు అలా చూస్తూ కూర్చుంటే? మధ్యలో లేచి బాల్కనీలో నాలుగుసార్లు పచార్లు చేసి, మళ్ళీ వచ్చి అలాగే కూర్చుంటే? సాయంత్రం "ఇవాళ ఏం చేశావమ్మా?" అని అడిగితే, "ఒక అంకె మార్చానత్తయ్యా" అంటే?

నాకు తెలిసిన ఒకావిడ ఈ మాట నలుగురి ముందూ అననే అంది. "రెండు రోజులు కూర్చుని ఒక్క అంకె మార్చిందిట. దానికోసం నేనొక్కదాన్నీ వంటింట్లో చావాలా?" అని. ఆ కోడలు జవాబు చెప్పలేదు. ఏం చెప్తుంది? చెప్పాలంటే గంట పడుతుంది, వినే ఓపిక ఎవరికుంది? తరవాత ఆ అమ్మాయిని నేనే పిలిచి అడిగాను. అర్థం కానివి మా ఆడపడుచు కూతుర్ని అడిగి తెలుసుకున్నాను. ఆ పిల్ల మా ఇంట్లోనే వుండి అదే రకం ఉద్యోగం చేస్తోంది. నేను చదివింది పదో తరగతే. నాకర్థమైన సంగతి మీకెందుకు అర్థం కాదు? అందుకే ఇవాళ ఈ ప్రసంగం.

ముందు సర్వర్ అంటే ఏమిటో చూద్దాం. పెళ్ళిభోజనాలు గుర్తు తెచ్చుకోండి. పంక్తిలో కూర్చున్నవాళ్ళకి కనిపించేది విస్తరీ, వడ్డించేవాళ్ళూ. పప్పు వుడికించినవాడూ, పులుసులో ఉప్పు వేసినవాడూ వెనకాల గాడిపొయ్యి దగ్గర వుంటారు. మనం సెల్‌ఫోన్లో రైలు టిక్కెట్టు కొన్నా, కరెంటు బిల్లు కట్టినా మనకి కనిపించేది ఆ విస్తరే. అసలు వంట ఎక్కడో ఇంకో వూళ్ళో, ఒక్కోసారి ఇంకో దేశంలో, చల్లటి గదుల్లో వరసలుగా పేర్చిన యంత్రాల్లో జరుగుతుంది. ఆ యంత్రాలే సర్వర్లు. అక్కడి ప్రోగ్రాం తప్పు చేస్తే మన ఫోను మీద "కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి" అని ఒక్క ముక్క వస్తుంది. పులుసు ఉప్పగా వుందని విస్తరి ముందు కూర్చున్నవాడు చెప్పగలడు గాని, ఉప్పు రెండోసారి ఎవరు వేశారో ఎలా చెప్తాడు?

అలాంటి తప్పుని వెతికి పట్టుకోవటాన్ని వాళ్ళు డీబగ్గింగ్ అంటారు. బగ్ అంటే పురుగు. యంత్రంలో చిక్కు వస్తే పురుగు అనటం ఎడిసన్ కాలం నుంచీ వుంది. అయితే 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ వారి మార్క్ 2 అనే యంత్రంలో నిజంగానే ఒక రెక్కలపురుగు ఇరుక్కుపోతే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అంటించి పెట్టారు. ఇప్పటి పురుగులు అలా కంటికి కనిపించేవి కావు.

వీటిని పట్టటానికి ఒక మోటు పద్ధతి వుంది. ప్రోగ్రాం చేత అడుగడుగునా "ఇక్కడిదాకా వచ్చాను, ఇప్పుడు లెక్క ఇంత" అని రాయిస్తూ పోవటం. నాజూకైన పద్ధతి డీబగ్గర్. అది ప్రోగ్రాంని మనం కోరిన చోట కదలకుండా నిలబెడుతుంది. ఉప్పు వెయ్యబోతున్న చేతిని గాల్లోనే పట్టుకుని, "ఆగు, గిన్నెలో ఏముంది, నీ గుప్పిట్లో ఎంతుంది" అని చూసుకుని, తరవాత ఒక్క అడుగు వెయ్యనిచ్చినట్టన్నమాట. అలా ఆపే చోటుకి బ్రేక్‌పాయింట్ అని పేరు. ఆ పేరు వెనక ఒక ఆడమనిషి వుంది, ఆవిడ సంగతి తరవాత చెప్తాను.

పీహెచ్‌పీ అని సర్వర్ల మీద నడిచే ఒక ప్రోగ్రాం భాష వుంది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన బయటపెట్టాడు. మన తెలుగు వికీపీడియాని నడిపే ప్రోగ్రాం కూడా ఆ భాషలో రాసిందే. దానికి ఎక్స్‌డీబగ్ అనే డీబగ్గర్ 2002 నుంచీ వుంది. రాసినాయన పేరు డెరిక్ రెథాన్స్. ఆ కోడలు రెండు రోజులు కుస్తీ పట్టింది దీనితోనే. తప్పు పట్టుకోవటానికి కాదు సుమండీ. తప్పుని పట్టే పనిముట్టుని పని చేయించటానికి! బావిలో పడ్డ చేద తియ్యటానికి గాలం తెస్తే, ఆ గాలమే చిక్కుపడి కూర్చుంటే ఎలా వుంటుందో ఆలోచించండి. చేద సంగతి ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే పొద్దు గూకింది.

ఇక్కడ మనబోటివాళ్ళు తేలిగ్గా పొరబడే సంగతి ఒకటుంది. ప్రోగ్రాం రాసే అమ్మాయి తన కంప్యూటర్లోంచి సర్వర్ని పలకరిస్తుందనుకుంటాం గదా. కాదుట. సర్వర్లో వున్న ఎక్స్‌డీబగ్గే ఈ అమ్మాయి కంప్యూటర్‌కి ఫోన్ చేస్తుంది. ఈ అమ్మాయి ఫోను దగ్గర కాచుక్కూర్చోవాలి. అది మోగితే సర్వర్లో జరిగేదంతా కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మోగకపోతే మాత్రం ఏమీ లేదు. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా ఎప్పట్లాగే నడిచి వెళ్ళిపోతుంది. తప్పు ఇదీ అని ఎర్రక్షరాలతో ఎవరూ అరవరు. కుక్కరు విజిలు రాకపోతే గాస్కెట్టా, గ్యాసా అని చూసుకుంటాం. అక్కడ కనీసం ఆవిరైనా కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు.

సరే, ఎందుకు మోగలేదు? ఒక కంప్యూటర్లో ఎన్నో ప్రోగ్రాములుంటాయి గనక, అపార్టుమెంటులో ఇంటర్‌కం నంబర్లున్నట్టు వాటికీ నంబర్లుంటాయి. పోర్టులంటారు. ఎక్స్‌డీబగ్ పాతరోజుల్లో 9000 నంబరుకి ఫోన్ చేసేది. పీహెచ్‌పీ కుటుంబంలోనే ఎఫ్‌పీఎం అని ఇంకొకటుంది, మామూలుగా దాని నంబరూ 9000. ఒకే నంబరు ఇద్దరికైతే తగవు రాక మానుతుందా? అందుకని 2020 నవంబరులో వచ్చిన మూడో వెర్షన్‌లో ఎక్స్‌డీబగ్ 9003కి మారింది. అంతటితో ఆగిందా? అమరికల పేర్లు కూడా మార్చేసింది. "రిమోట్ ఎనేబుల్" అన్నది పోయి "మోడ్" వచ్చింది. "రిమోట్ హోస్ట్" పోయి "క్లయింట్ హోస్ట్" వచ్చింది. మారటం మంచిదే కావచ్చు. కాని అప్పటికి పద్దెనిమిదేళ్ళ నుంచీ జనం రాసిపెట్టిన సలహాలన్నీ ఎక్కడికి పోతాయి? ఇంటర్నెట్టులో అలాగే వున్నాయి. వీధుల పేర్లు మార్చేశాక పాత చిరునామా కాగితం పట్టుకుని తిరిగేవాళ్ళ అవస్థే వీళ్ళదీను.

ఆ అమ్మాయి చివరికి మార్చిన అంకె ఇదే. సున్నా తీసి మూడు పెట్టింది.

"మొదట్లోనే అది చూసుకోవచ్చుగా?" అంటారు మీరు. నేనూ అదే అడిగాను. ఆ అమ్మాయి నవ్వింది. ఫోను మోగకపోవటానికి కారణాలు ఇంకా ఎన్ని వున్నాయో అప్పుడు చెప్పింది. అన్నీ చెప్తే మీకు విసుగు గాని, ఒకటి మాత్రం చెప్పకుండా వుండలేను. "ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అనే దానికి, ఏమీ రాయకపోతే ఎక్స్‌డీబగ్ "లోకల్‌హోస్ట్" అనుకుంటుంది. లోకల్‌హోస్ట్ అంటే "మా ఇల్లు" అని అర్థం. "మా ఇల్లు" అన్న మాట ఎవరంటే వాళ్ళ ఇల్లే అవుతుంది గదా! ఇప్పుడు చాలామంది సర్వర్ ప్రోగ్రాములని డాకర్ అనే దానిలో పెట్టి నడుపుతారు. అది కంప్యూటర్లోనే తలుపులు బిగించిన ఒక విడి గది లాంటిది. ఆ గదిలో కూర్చున్న ఎక్స్‌డీబగ్ "మా ఇంటికి" ఫోన్ చేస్తే, ఆ గదిలోనే తనకి తనే చేసుకున్నట్టు. ఎదురుగా కూర్చున్న ఈ అమ్మాయికి ఆ ఫోను ఎప్పటికీ రాదు. ఒకే బల్ల మీద వున్న ఒకే కంప్యూటర్లో జరుగుతుందండీ ఇదంతా!

ఇంకోటి. పీహెచ్‌పీ తన అమరికలని ఒక కాగితంలోంచి చదువుకుంటుంది. ఆ కాగితం ఒకటి కాదు. ఉబుంటు వంటి వాటిలో, మనిషి చేత్తో నడిపినప్పుడు ఒకటీ, వెబ్‌సైటు నడుస్తున్నప్పుడు ఇంకొకటీ చదువుతుంది. రెండింటి పేరూ ఒకటే, వున్న చోట్లు వేరు. ఈ అమ్మాయి మొదటిదానిలో దిద్ది, చేత్తో నడిపి చూసుకుంటే అంతా బ్రహ్మాండంగా వుంది. వెబ్‌సైటు మటుకు రెండోదాన్ని చదువుతోంది. రెండోదీ దిద్దాక కూడా ఎఫ్‌పీఎంని ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా అది పాత మాటే పట్టుకుని వుంటుంది.

తీరా ఫోను మోగిందే అనుకోండి. సర్వర్లో ప్రోగ్రాం వున్న చోటు పేరు ఒకటి, ఈ అమ్మాయి కంప్యూటర్లో దాని నకలు వున్న చోటు పేరు ఇంకొకటి. రెండూ ఒకటేనని విడిగా చెప్పాలి. చెప్పకపోతే ఫోను మోగుతుంది గాని బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగదు. అదీ చెప్పి, ఆగి, తీరిగ్గా గిన్నెలోకి తొంగిచూస్తూ వుంటే, ముందు గుమ్మంలో వుండే ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రోగ్రాం మామూలుగా 60 సెకన్లే ఆగుతుంది. ఆపైన "వంట ఇంకా రాలేదు, నేను పోతున్నా" అని 504 అనే అంకె చూపించి పంక్తి ఎత్తేస్తుంది.

ఇందులో అసలు బాధ ఎక్కడుందంటే, ఇవి ఒక్కొక్కటిగా రావు. నాలుగు చోట్ల తప్పుంటే, మూడు దిద్దినా ఫోను మోగదు. మూడు సరైన పనులు చేశాక కూడా ఏమీ చెయ్యనట్టే వుంటుంది, చూసేవాళ్ళకే కాదు, చేసేవాళ్ళకి కూడా. మోగలేదు గనక ఆ మూడూ తప్పేమోనని మళ్ళీ పాతదానికి మార్చేసేవాళ్ళున్నారుట. నాలుగోది దిద్దేటప్పటికి మొదటిది మళ్ళీ తప్పయి కూర్చుంటుంది. అలా కాకుండా ఏది మార్చిందీ, మారిస్తే ఏమైందీ కాగితం మీద రాసుకుంటూ పోయింది ఆ అమ్మాయి. ఆ కాగితం నాకు చూపించింది. రెండు వేపులా నిండిపోయి వుంది. అత్తగారికి కనిపించింది మటుకు చివరి అంకె ఒక్కటే.

ఇంకా చాదస్తాలున్నాయి వీళ్ళ లోకంలో. మేక్ అని 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన పనిముట్టు ఒకటుంది. దాని కాగితంలో కొన్ని వరసల ముందు ట్యాబ్ మీట నొక్కిన ఖాళీయే వుండాలి, మామూలు ఖాళీ పనికిరాదు. కంటికి రెండూ ఒకలాగే వుంటాయి. ఇది ఇబ్బందని ఆయనకి కొద్ది వారాల్లోనే తెలిసిందిట. కాని అప్పటికే ఓ డజనుమంది స్నేహితులు వాడుతున్నారు, వాళ్ళని కష్టపెట్టటం ఎందుకని వదిలేశాడుట! ఆ పన్నెండుమంది మొహమాటానికి యాభై ఏళ్ళుగా లోకమంతా తిప్పలు పడుతోంది. తరవాత వచ్చిన యామల్ అనే కాగితంలో దీనికి సరిగ్గా తలకిందులు: అందులో వరస ముందు ట్యాబ్ వుండకూడదు. పైగా దాని పాత నియమాల ప్రకారం నార్వే దేశానికి గుర్తుగా రెండక్షరాలు రాస్తే, అది "నో" అని చదువుకుని "కాదు" అని అర్థం చేసుకుంటుంది. మా మేనకోడలు ఇది చెప్పినప్పుడు ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఎప్పుడూ నవ్వులాట కాదు లెండి. గిట్‌ల్యాబ్ అని ప్రోగ్రాములు దాచుకునే ఒక పెద్ద సంస్థ వుంది. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజనీరు చాలా పొద్దుపోయేదాకా రెండు సర్వర్లతో అవస్థ పడుతూ, ఒకదానిలో చెరపాల్సింది రెండోదానిలో చెరిపేశాడు. వెంటనే చూసుకుని ఆపాడు గాని, అప్పటికే సుమారు 300 జీబీలలో నాలుగున్నర మాత్రం మిగిలింది. నకళ్ళు వుంటాయి గదా అని చూస్తే, నకలు తీసే పనిముట్టు పాత వెర్షన్‌ది, సమాచారం వున్నది కొత్త వెర్షన్‌లో. రెండింటికీ పొసగక నకలు తీయటమే జరగటం లేదు. జరగటం లేదని హెచ్చరిక ఉత్తరాలు వెళ్ళాలి. ఇంకో అమరిక సరిగా లేక అవీ తిరస్కారమయ్యాయి. ఎవరికీ తెలియలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల కిందట వేరే పనికోసం తీసిన నకలొకటి వుంటే దానితో బయటపడ్డారు. మధ్యలోని ఆరు గంటల పని పోయింది. ఇదంతా వాళ్ళు దాచుకోకుండా లోకానికి రాసి చూపించారు. అమరికలో తప్పుంటే గోల చేసేవి కొన్నే. ఎక్కువభాగం మాట్లాడకుండా కూర్చుని, అవసరం పడ్డ రోజున ముంచుతాయి. రాత్రి పన్నెండింటికి ఫోనొస్తే పిల్లలు మొహం పాలిపోయి లేచి కూర్చునేది ఇందుకే.

ఇప్పుడు బ్రేక్‌పాయింట్ ఆవిడ సంగతి. పేరు బెట్టీ హోల్బర్టన్. 1917లో పుట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరిన మొదటిరోజే లెక్కల ప్రొఫెసరు, "ఇంట్లో వుండి పిల్లల్ని పెంచుకోరాదూ?" అని అడిగాడుట. ఆవిడ లెక్కలు వదిలి పత్రికారచన చదువుకుంది. తరవాత యుద్ధం వచ్చింది, లెక్కలు చెయ్యగల ఆడవాళ్ళు కావలసివచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలోనే ఎనియాక్ అనే కంప్యూటర్ తయారవుతుంటే, దానికి ప్రోగ్రాం రాయటానికి ఎంచుకున్న ఆరుగురు స్త్రీలలో ఈవిడ ఒకతె. పుస్తకం లేదు, నేర్పేవాళ్ళు లేరు. మొదట్లో యంత్రాన్ని చూడనివ్వలేదు కూడా. పటాలు చూసి నేర్చుకున్నారు. ఆ యంత్రానికి పని చెప్పాలంటే తీగలు తగిలించాలి. లెక్క మధ్యలో ఎక్కడ ఆగాలో అక్కడ తీగ పీకేసి చూసేవారు. బ్రేక్‌పాయింట్ అన్న మాటా, ఆ పద్ధతీ ఆవిడ పెట్టినవేనంటారు. మెలకువగా వుండి ఇతరులు తేల్చలేని చిక్కులు బెట్టీ నిద్రలో తేల్చేస్తుందని తోటి ప్రోగ్రామరు ఒకావిడ చెప్పింది. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించి విందు చేసుకున్నారు. ఆ విందుకి ఈ ఆరుగురినీ పిలవలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. పెద్ద ముగ్గు వేస్తూ చుక్కలు లెక్కపెట్టుకుంటుంటే ఎవరైనా వచ్చి "కూరలో కారం ఎంత వెయ్యను?" అంటే ఏమవుతుంది? మళ్ళీ మొదటి చుక్క నుంచి రావాలి. తెరకేసి చూస్తూ కదలకుండా కూర్చున్న పిల్ల అలాంటి చుక్కలే పట్టుకుని వుంటుంది. టైపు కొడుతున్నప్పుడు పిలిచినా ఫరవాలేదుట, అలా చూస్తున్నప్పుడే పిలవకూడదుట. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం. ఇంటిపని సంగతి వేరు. అది ముందే మాట్లాడుకుని పంచుకోవలసింది, కొడుకుతో సహా. "నువ్వూ ఊరికేగా కూర్చున్నావు" అన్న లెక్కన పంచుకునేది కాదు.

ఇంకొక విశేషం చెప్పి ముగిస్తాను. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అని ఇద్దరు ప్రోగ్రామర్లు ఒక పుస్తకం రాశారు. చిక్కు తెగనప్పుడు రబ్బరు బాతుబొమ్మకి చెప్పినట్టు ప్రోగ్రాంని వివరించి చెప్పే పద్ధతి సంగతి అందులో వుంది. చెప్తుంటే తప్పు ఎక్కడుందో చెప్పేవాడికే తడుతుంది. బాతుకి ఏమీ అర్థం కానక్కరలేదు. వింటున్నట్టు కనిపిస్తే చాలు.

బాతుకన్నా మనం నయం గదండీ. మా మేనకోడలు ఈమధ్య మొహం వేలాడేసుకుని వంటింట్లోకి వస్తే, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడుగుతున్నాను. "అత్తయ్యా, ఇది దాన్ని పిలుస్తుంది, అది ఇంకోదాన్ని పిలుస్తుంది, అక్కడ పాత వెర్షన్..." అని మొదలుపెడుతుంది. నేను "వూఁ" అంటూ వుంటాను. మొన్న శుక్రవారం మూడో "వూఁ" దగ్గర ఆగిపోయి, "అయ్యో, పాత వెర్షన్!" అని చిక్కుళ్ళ పళ్ళెం మీంచి దూకి లోపలికి పరిగెత్తింది. గంటలో వచ్చి అన్నం పెట్టమంది.